అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నారా? ధర కట్టడం నుంచి తాళం ఇచ్చేదాకా

2019లో నిజాంపేటలోని మా డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఖాళీ అయింది. టులెట్ బోర్డు కట్టిన మూడో రోజే ఒక దూరపు చుట్టం ఫోన్ చేసి, "మనవాళ్ల అబ్బాయే, మన పక్క ఊరే, కళ్లు మూసుకుని ఇచ్చెయ్" అన్నాడు. నిజంగానే కళ్లు మూసుకున్నాను. అద్దె 14 వేలు, అడ్వాన్సు 28 వేలు. నాలుగు నెలలు ఒకటో తారీఖు పొద్దున్నే డబ్బులు పడ్డాయి. ఐదో నెల నుంచి "రేపు", "సోమవారం తప్పకుండా", "నాన్నకు ఒంట్లో బాగాలేదన్నా". పదకొండు నెలలు నిండాక, పెద్దమనుషులు ఇద్దరు వెళ్లి కూర్చుంటే కానీ ఖాళీ చేయలేదు. లోపలికి వెళ్లి చూస్తే బాత్రూంలో గీజరు లేదు, అది ఉండాల్సిన చోట గోడకు నాలుగు కన్నాలున్నాయి.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఏడు నెలల అద్దె 98 వేలు, అడ్వాన్సు పోను 70 వేలు. కరెంటు బకాయి 5,600. గీజరు, తలుపు, పెయింటింగ్ కలిపి 32 వేలు. మొత్తం 1,07,600. ఖర్చులన్నీ పోను ఆ ఫ్లాట్ మీద ఏడాదికి నాకు మిగలాల్సిందే లక్షా ముప్పై వేలు. బేరంలో లక్ష తగ్గించుకోవడానికి ఆరు వారాలు తిరిగినవాణ్ణి, ఆ లక్ష ఎవరి చేతిలో పెడుతున్నానో అరగంట కూడా ఆలోచించలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఒకటో రెండో ఫ్లాట్లు కొని అద్దెకు ఇచ్చుకునే నాలాంటివాళ్ల కోసమే ఇది. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వి. విజయవాడ, విశాఖలో అంకెలు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

ముందు అద్దె తేల్చుకోండి, ధర సంగతి తర్వాత

చాలామంది ఫ్లాట్ చూసి, నచ్చి, ధర మాట్లాడి, ఆ తర్వాత "అద్దె ఎంత వస్తుంది?" అని బ్రోకర్‌ని అడుగుతారు. అమ్మి కమీషన్ తీసుకోవాల్సిన మనిషి తక్కువ చెబుతాడా? నేను ఉల్టా చేస్తాను. ఫ్లాట్ చూడకముందే ఆ వీధిలో అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడిలా తిరుగుతాను. గేట్లకు వేలాడే టులెట్ బోర్డుల మీద నంబర్లకు ఫోన్ చేసి, ఎంత, మెయింటెనెన్స్ ఎంత, ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది అని అడుగుతాను. వెబ్‌సైట్లలో కనబడేది ఓనర్లు అడిగే అద్దె. కుదిరే అద్దె అంతకంటే వెయ్యో రెండు వేలో తక్కువ ఉంటుంది.

అసలు సమాచారం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. సెల్లారులో ఒక గది, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తీగ మీద ఆరేసిన బట్టలు. పొద్దున పదకొండు తర్వాత వెళ్లండి, కార్లు కడగడం అయిపోయి కాస్త తీరిగ్గా ఉంటాడు. "ఇల్లు చూస్తున్నాం తమ్ముడూ" అని కూర్చుంటే పావుగంటలో అన్నీ తెలుస్తాయి: ఏ ఫ్లాట్లు నెలల తరబడి ఖాళీ, వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి, మంజీరా (జలమండలి) కనెక్షన్ ఉందా లేక బోరు మీదేనా, లిఫ్టు నెలకు ఎన్నిసార్లు ఆగుతుంది, పై అంతస్తులో వానాకాలం చెమ్మ వస్తుందా, మెయింటెనెన్స్ ఎగ్గొట్టే ఓనర్లు ఎందరు. వాచ్‌మన్ తర్వాత వీధి చివర ఇస్త్రీ బండి. ఎవరు ఎప్పుడు దిగారో, ఎవరు ఎందుకు వెళ్లిపోయారో అతనికి తెలిసినంత అసోసియేషన్ సెక్రటరీకి కూడా తెలియదు.

నీళ్ల సంగతి ఊరికే అడగలేదు. ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌లో మార్చి నుంచి మెయింటెనెన్స్ పెరుగుతుంది. ఆ పెరిగినదాన్ని అద్దెకున్నవాళ్లు నాలుగు నెలలు భరించి, జూన్‌లో ఇంకో ఇల్లు చూసుకుంటారు. అంటే ఏటా మీకు ఒక ఖాళీ నెల గ్యారంటీ.

చేతికి మిగిలేది ఎంత

ఒక ఉదాహరణ పట్టుకుందాం. 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం, పన్నెండేళ్ల పాత స్టాండ్‌అలోన్ అపార్ట్‌మెంట్. అమ్మేవాళ్లు అడుగుతున్నది 62 లక్షలు. వచ్చే అద్దె 20 వేలు. బ్రోకర్ లెక్క ఇలా ఉంటుంది: ఏడాదికి 2,40,000, అంటే దాదాపు 3.9 శాతం, "పైగా రేటు పెరుగుతుంది సార్".

మనం కట్టాల్సింది 62 దగ్గర ఆగదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4,65,000. బ్రోకర్‌కి ఒక శాతం 62 వేలు. పాత ఫ్లాట్ కాబట్టి రంగులు, దోమల మెష్ తలుపులు, గీజరు, కిచెన్ అల్మారాలు కలిపి 1,73,000 వేసుకుందాం. మొత్తం సరిగ్గా 69 లక్షలు. ధర 50 లక్షలు దాటితే కొనేవాళ్లే ఒక శాతం టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసుకునే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది అమ్మేవాళ్ల డబ్బులోంచే పోతుంది కాబట్టి ఈ లెక్కలోకి రాదు, కానీ కట్టడం మర్చిపోతే నోటీసు మీకే వస్తుంది.

ఇప్పుడు రాబడి వైపు:

ఏడాది అద్దె 2,40,000
ఒక ఖాళీ నెల తీసేస్తే 20,000 తగ్గుతుంది
ఆ ఖాళీ నెల మెయింటెనెన్స్ మనదే, 2,500
ఇంటి పన్ను 4,000
రిపేర్లు, రంగులకు పక్కన పెట్టాల్సింది 18,000
కొత్తవాళ్లను తెచ్చే బ్రోకర్‌కి సగటున 7,500

మిగిలేది 1,88,000. దీన్ని 69 లక్షలతో భాగిస్తే 2.7 శాతం. 3.9 కాదు.

పన్ను కూడా చూడండి. అద్దె ఆదాయంలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు. మీరు రిపేర్లకు రూపాయి పెట్టినా లక్ష పెట్టినా ఆ 30 శాతమే. మన లెక్కలో 2,20,000 లోంచి 4,000 పోతే 2,16,000, అందులో 30 శాతం పోతే 1,51,200 మీద పన్ను. ఇరవై శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి దాదాపు 31,450. పన్ను పోను చేతికి వచ్చేది లక్షా యాభై ఆరు వేల చిల్లర, 2.3 శాతం కంటే కొంచెం తక్కువ.

లోన్ మీద కొంటే సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువుకు లక్షకు ఈఎంఐ సుమారు 868 రూపాయలు. 45 లక్షల లోన్‌కి నెలకు 39 వేలు. అద్దె 20 వేలు. మిగతా 19 వేలు ప్రతి నెలా మీ జీతంలోంచి. "అద్దెతోనే ఈఎంఐ కట్టేసుకోవచ్చు" అని ఎవరైనా అంటే వాళ్లు 2005 నాటి మాట చెబుతున్నారు, లేదా మీ జేబు చూస్తున్నారు. అద్దెకిచ్చిన ఇంటి లోన్ వడ్డీని అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కానీ వడ్డీ అద్దెను మించిపోయి నష్టం తేలితే, పాత పన్ను విధానంలో ఏడాదికి రెండు లక్షల దాకానే జీతం వంటి మిగతా ఆదాయంతో సర్దుకోనిస్తారు. కొత్త విధానంలో అదీ లేదు.

ఇదంతా చదివి ఫ్లాట్లు కొనవద్దంటున్నాననుకోకండి. రాబడిలో పెద్ద భాగం రేటు పెరగడం మీద పెట్టిన పందెం అని తెలిసి కొనండి అంటున్నాను. మొత్తం మీద ఏడాదికి పది శాతం కావాలనుకుంటే, అద్దె రెండున్నర ఇస్తుంది, మిగతా ఏడున్నర ఆ వీధి ఇవ్వాలి. ఇస్తుందా అని వీధిని అడగాలి.

ఒకే ఫ్లాట్‌కి మూడు ధరలు

నేను ప్రతి ఫ్లాట్‌కీ మూడు రకాలుగా ధర కడతాను. మూడూ ఒకదానికొకటి కలవవు. ఆ తేడాలోనే బేరం ఉంటుంది.

మొదటిది ఇరుగుపొరుగు ధర. అదే అపార్ట్‌మెంట్‌లో, పక్క అపార్ట్‌మెంట్‌లో ఈ ఏడాదిలో ఎంతకు అమ్ముడుపోయాయి? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీస్తే ఒక్కో డాక్యుమెంట్‌కి మార్కెట్ విలువ, రాసుకున్న ధర కనబడతాయి. అవి అసలు ఇచ్చిపుచ్చుకున్న డబ్బు కంటే తక్కువ ఉండటం మన దగ్గర కొత్త కాదు. కాబట్టి ఆ అంకెను నమ్మవద్దు, తారీఖును నమ్మండి. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లలో ఏడెనిమిది చేతులు మారాయంటే అక్కడేదో నచ్చక వెళ్లిపోతున్నారు. ఒక్కటీ మారలేదంటే మీరు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఎంత కష్టమో కూడా అదే చెబుతుంది. అమ్మిన ధర మాత్రం వాచ్‌మన్‌నో, అసోసియేషన్ వాళ్లనో అడిగి తెలుసుకోవాలి. మన ఉదాహరణలో 58 నుంచి 62 మధ్య అని తేలిందనుకుందాం.

చదరపు అడుగుల దగ్గర జాగ్రత్త. 1,150 అని అమ్మేదాంట్లో కారిడారు, మెట్లు, లిఫ్టు వాటా అన్నీ కలిపి ఉంటాయి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం లెక్కలోకి తీసుకునేది కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మీరు నిజంగా కాలు పెట్టగలిగే చోటు. టేపు తీసుకెళ్లి కొలవండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

రెండోది గజాల ధర. అపార్ట్‌మెంట్ పాతబడుతుంది, స్థలం పాతబడదు. డాక్యుమెంట్‌లో మీ వాటాకు వచ్చే అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో విడదీయని వాటా) ఎన్ని గజాలో చూడండి. 40 గజాలు, అక్కడ గజం 80 వేలు అనుకుంటే 32 లక్షలు. కట్టడం ఈ రోజు కొత్తగా కడితే అడుగుకు 2,000 చొప్పున 23 లక్షలు, అరవై ఏళ్ల ఆయుష్షులో పన్నెండేళ్లు గడిచాయి కాబట్టి ఇరవై శాతం తీసేస్తే 18.4 లక్షలు. రెండూ కలిపితే 50.4 లక్షలు. చిన్న స్థలంలో ఐదంతస్తులు లేపిన చోట ఈ వాటా పాతికో ఇరవయ్యో గజాలు ఉంటుంది. అలాంటి ఫ్లాట్ బయటికి ఎంత మెరిసినా ఇరవై ఏళ్ల తర్వాత మీ చేతిలో మిగిలేది తక్కువ.

మూడోది అద్దె ధర. నాకు కనీసం మూడు శాతం నికరంగా మిగలాలి అనుకుంటాను. 1,88,000 ని మూడు శాతంతో భాగిస్తే 62.67 లక్షలు. ఇది మొత్తం ఖర్చు, ఫ్లాట్ ధర ఒక్కటే కాదు. రిపేర్ల 1.73 తీసేసి, రిజిస్ట్రేషన్, బ్రోకర్ కలిపి 8.5 శాతం వెనక్కి లెక్కిస్తే ఫ్లాట్‌కి నేను పెట్టగలిగింది 56 లక్షల దగ్గర ఆగుతుంది.

అంటే 50.4, 56, 58 నుంచి 62. నేనైతే 54 దగ్గర మొదలుపెట్టి 57 దాటను. ఎక్కువకు కొనడానికి కారణం కనబడాలి: మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరం, కార్నర్ ఫ్లాట్, రెండో కారు పార్కింగ్. "బాల్కనీ వ్యూ బాగుంది" అనేది మీరు ఉండటానికైతే కారణం, అద్దెకైతే కాదు.

వాస్తు గురించి కొంచెం. తూర్పు ముఖం ఫ్లాట్‌కి కొనేటప్పుడు ఎక్కువ పెట్టాలి. అద్దెకు వచ్చేవాళ్లు కూడా అడుగుతారు గానీ, దక్షిణ ముఖం ఫ్లాట్‌కి ఇచ్చే అద్దెలో తేడా ఐదొందలో వెయ్యో. కొనేటప్పుడు తేడా లక్షల్లో ఉంటుంది. అద్దె ఒక్కటే చూసుకుంటే దక్షిణ ముఖమే లాభం. అమ్మేటప్పుడు మాత్రం ఆ తగ్గింపు మీరూ ఇవ్వాల్సి వస్తుంది, ఆ రోజుకి ఓపిక పట్టాలి. మా ఆవిడ దీనికి ఒప్పుకోలేదు కాబట్టి నాది తూర్పు ముఖమే.

సంతకానికి ముందు కాగితాలు

ఇది లాయరు పని, ఆయనకిచ్చే ఫీజు దగ్గర పొదుపు చేయకండి. లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అన్నీ, ముప్పై ఏళ్ల ఈసీ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు. ప్లానులో నాలుగంతస్తులు ఉండి మీరు కొంటున్నది ఐదోదైతే అక్కడే ఆగిపోండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ హద్దులు చూపించమనండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో ఎవరికీ ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ బకాయిలు లేవని అసోసియేషన్ నుంచి లెటర్ తీసుకోండి.

పంచాంగం చూసి ఖాళీ చేయించండి

మన దగ్గర అద్దె మార్కెట్‌కి రెండు క్యాలెండర్లు. ఒకటి బడిది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పిల్లలున్న కుటుంబాలు ఇళ్లు మారతాయి. రెండోది పంచాంగం. ఆషాఢం, పుష్యం, అధిక మాసం, మూఢం వచ్చాయంటే పాలు పొంగించేవాళ్లు ఉండరు. "ఇల్లు నచ్చిందండీ, శ్రావణంలో దిగుతాం" అంటారు, ఆ నెల అద్దె మాత్రం ఇవ్వరు. అగ్రిమెంట్ ముగిసే నెల ఆషాఢంలో పడకుండా మొదట్లోనే చూసుకుంటే ఒక నెల అద్దె మిగిలినట్టే. దిగేవాళ్లు ఆషాఢం రాకముందే పాలు పొంగించుకుని, సామాను తర్వాత తెచ్చుకుంటామంటే నేను ఒప్పుకుంటాను, అద్దె మాత్రం పాలు పొంగిన రోజు నుంచే.

మొదటి ఫోన్‌లోనే సగం తేలుతుంది

ఫోన్ వచ్చినప్పుడు ఇల్లు గురించి చెప్పడం మొదలుపెట్టకండి, వాళ్లను మాట్లాడనివ్వండి. నేను అడిగేవి ఇవే: ఎంతమంది ఉంటారు, ఎక్కడ పని, ఎప్పటికి కావాలి, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు. ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. "ఆఫీసు మారింది", "పిల్లలకు బడి దగ్గర కావాలి", "ఓనరు వాళ్ల అబ్బాయి పెళ్లయి వస్తున్నాడు" వంటివి మామూలే. పాత ఓనరు మీద పది నిమిషాలు తిట్లు మొదలైతే, ఏడాది తర్వాత ఇంకొకరికి మీ గురించి ఆ పది నిమిషాలు వినిపిస్తాయి. "ఎల్లుండే దిగాలి, అడ్వాన్సు ఇప్పుడే గూగుల్ పే చేస్తాను" అనేవాళ్ల విషయంలో నేను తొందర పడను. తొందర వాళ్లది, రిస్కు నాది. ఇల్లు చూడకుండానే ఆర్మీలో పనిచేస్తున్నామని చెప్పి, పేమెంట్ పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాళ్లు మాత్రం వచ్చేది అద్దెకు కాదు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని, పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

ఫోన్‌లోనే షరతులు చెప్పేయండి: అద్దె, మెయింటెనెన్స్, రెండు నెలల అడ్వాన్సు, కాగితాలు, పాత ఓనరు నంబరు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాసానికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదంటుంది. హైదరాబాద్ వాడుక ఎప్పటి నుంచో అదే. కాగితాలు అనగానే "ఫోన్ చేస్తానండీ" అని పెట్టేసేవాళ్లు పెట్టేయనివ్వండి.

కాగితాలు అడగడంలో మొహమాటం వద్దు

ఆధార్ జిరాక్సు తీసి ఫైల్లో పెట్టుకోవడం వెరిఫికేషన్ కాదు. జిరాక్సు మీద పేరు మార్చడం నిమిషం పని. ఆధార్ మీది క్యూఆర్ కోడ్‌ని ఆధార్ వాళ్ల సొంత యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫొటో అక్కడే తేలతాయి. మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇస్తామంటే తీసుకోండి, వాళ్ల హక్కది, మనకు సరిపోతుంది.

ఉద్యోగస్తులైతే మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. పే స్లిప్పు తయారు చేసుకోవచ్చు, స్టేట్‌మెంటులో నెలాఖరుకు అదే జీతం అదే కంపెనీ పేరుతో పడిందా చూడాలి. నా కొలత: అద్దె, మెయింటెనెన్స్ కలిపి చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. 22,500 ఖర్చుకు కనీసం 68 వేలు. స్టేట్‌మెంటులో చూడాల్సినవి ఇంకో రెండు. జీతం పడిన మూడో రోజుకే బ్యాలెన్స్ సున్నాకు వస్తోందా, ఆన్‌లైన్ లోన్ యాప్‌లకు చెల్లింపులు ఎన్ని ఉన్నాయి. 2021లో దిగాలనుకున్న ఒకాయన జీతం లక్షా పదివేలు. స్టేట్‌మెంటులో నాలుగు లోన్ యాప్‌లు, ఖాతాలో డబ్బు లేక రెండు ఈసీఎస్ (ఆటోమేటిక్ చెల్లింపు) బౌన్సులు. మర్యాదగా వద్దన్నాను.

జీతం రానివాళ్లను చూడగానే తీసేయకండి. మాకు ఇప్పుడున్నది టిఫిన్ సెంటర్ నడిపే దంపతులు. పే స్లిప్పు లేదు. బదులు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు చూపించారు. ప్రతి రోజూ యూపీఐలో చిన్న చిన్న మొత్తాలు, ఇరవై, నలభై, అరవై, వానాకాలంలో కూడా ఆగకుండా. నాలుగేళ్లలో ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు. వ్యాపారస్తులైతే ఐటీ రిటర్న్ అడగండి. తమ సిబిల్ రిపోర్టు (అప్పులు ఎలా కట్టారో చెప్పేది) చూపించమని కూడా అడగవచ్చు. ఒక్కో క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది.

ఇప్పటి ఓనరుతో కాదు, అంతకుముందు ఓనరుతో మాట్లాడండి

ఇప్పటి ఓనరుకి వీళ్లు వెళ్లిపోతే చాలు అని ఉంటే "బంగారంలాంటి మనుషులండీ" అంటాడు. అంతకుముందు ఓనరుకి దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఆయన నంబరు తీసుకోండి. ఫోన్‌లో "మంచివాళ్లేనా?" అని అడగకండి, ఎవరూ చెడ్డగా చెప్పరు. అంకెలు అడగండి: ఎన్నేళ్లున్నారు, అద్దె ఎంత, ఏ తారీఖుకు వేసేవారు, అడ్వాన్సులో ఎంత కోసుకున్నారు, మళ్లీ ఇవ్వాల్సి వస్తే ఇస్తారా? ఆఖరి ప్రశ్న తర్వాత ఒక్క క్షణం మౌనం వచ్చిందంటే నాకు జవాబు వచ్చేసినట్టే. ఫ్రెండ్ నంబరే ఓనరు నంబరని ఇచ్చేవాళ్లూ ఉంటారు. పాత అగ్రిమెంట్‌లో ఉన్న పేరు, ఫ్లాట్ నంబరు సరిపోతున్నాయో చూస్తే పట్టుబడతారు.

వీలైతే వాళ్లు ఇప్పుడుంటున్న ఇంటికి వెళ్లండి. అగ్రిమెంట్ డ్రాఫ్టు ఇవ్వడానికి వచ్చామని చెప్పొచ్చు. మీరు ఖరీదైన సోఫా చూడటానికి వెళ్లలేదు. స్టవ్ వెనక టైల్స్ మీద నూనె పేరుకుందా, సింకు కింద పైపుకు గుడ్డ చుట్టి వదిలేశారా అన్నదే చూడాల్సింది. మీ ఫ్లాట్ ఏడాది తర్వాత అలాగే ఉంటుంది.

"మీరేమిట్లు?"

మన ఓనర్లు చేసే వెరిఫికేషన్ చాలాసార్లు కులం అడిగే ఈ ఒక్క ప్రశ్నే. దాని తర్వాత నాన్‌వెజ్ తింటారా, బ్యాచిలర్లా, ఏ మతం. నా గీజరు తీసుకెళ్లినాయన మావాడే, పక్క ఊరివాడే, మాంసం ముట్టడు. ఆ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో అద్దె కడతాడా లేదా అన్నది ఎక్కడా లేదు. ఉన్నదల్లా మంచి అద్దెదారులను వదులుకోవడం. ముస్లిం కుటుంబాలు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే ఆడవాళ్లు, పెళ్లికాని ఉద్యోగులు పది గేట్లు తిరిగి వస్తారు. వాళ్లకు ఇల్లు ఇచ్చిన ఓనరుని ఏళ్ల తరబడి వదలరు, ఖాళీ నెల ఉండదు. అసోసియేషన్ బైలాలో బ్యాచిలర్ల మీద నిషేధం ఉంటే అది కొనేముందే చదవండి, మీ మార్కెట్‌లో సగం అక్కడే పోతుంది.

అగ్రిమెంట్

పదకొండు నెలలు ఎందుకు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది తప్పించుకోవడానికే ఈ అలవాటు, కానీ 1999 సవరణ తర్వాత మన దగ్గర చిన్న లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్టర్ చేయకుండా నోటరీతో సరిపెడితే కోర్టులో ఆ గడువు నిలవదు. పదకొండు నెలలకు రాసినా, రిజిస్టర్ చేయించి, ప్రతిసారీ కొత్తగా రాయండి. వదిలేస్తే అది నెలవారీ అద్దె అవుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దానికి పదిహేను రోజుల నోటీసు చాలు, అది ఇద్దరికీ ఇబ్బందే. రెండు నెలల నోటీసు అని స్పష్టంగా రాసుకోండి.

ఇంకా రాయాల్సినవి: ఏ తారీఖులోపు అద్దె, పదకొండో నెల తర్వాత ఎంత పెంపు, రంగులకు ఒక నెల అద్దె కోసుకుంటారా లేదా, మేకులు కొట్టడం, వేరేవాళ్లకు ఇవ్వకూడదని, ఉండే వాళ్లందరి పేర్లు. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అనే భయం మాత్రం వదిలేయండి. మీరు ఇచ్చిన అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్లకు అలా హక్కు రాదు. అద్దె రసీదులు, అగ్రిమెంట్లు దాచుకుంటే చాలు. సంతకాలయ్యాక వాళ్ల వివరాలు దగ్గరి పోలీసు స్టేషన్‌లో టెనెంట్ వెరిఫికేషన్‌కి ఇచ్చేయండి.

అద్దెలో కొంత నగదుగా తీసుకుని లెక్కలో చూపకూడదనుకునేవాళ్లకు ఒక మాట. ఏడాది అద్దె లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఉద్యోగస్తులు ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. మీ అద్దె మీకంటే ముందే ఆదాయపన్ను శాఖకు తెలుస్తుంది. నెలకు 50 వేలు దాటిన అద్దెకు అద్దెదారే రెండు శాతం టీడీఎస్ పట్టాలి. ఓనరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే అద్దె ఎంత చిన్నదైనా సెస్సుతో కలిపి 31.2 శాతం పట్టాలి. ఇది చాలామంది ఎన్నారైల ఇళ్లలో జరగడం లేదు, నోటీసు వచ్చినప్పుడు ఇరుక్కునేది అద్దెదారు కూడా.

తాళం ఇచ్చే రోజు, ఆ తర్వాత

ఇద్దరూ కలిసి గది గదీ తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీయండి. ఫ్యాన్లు తిప్పి, కుళాయిలు విప్పి, గీజరు కంపెనీ పేరు, నంబరు కనబడేలా. కరెంటు మీటరు రీడింగు ఫొటో. ఆ వీడియో ఇద్దరి వాట్సాప్‌లోనూ ఉండాలి. ఈ ఇరవై నిమిషాలు 2019లో చేసి ఉంటే, ఆ నాలుగు కన్నాల గురించి వాదించే పని ఉండేది కాదు.

అద్దె ఐదో తారీఖు దాటితే ఆరున మెసేజ్ పెట్టండి, కోపంగా కాదు. పదిహేను దాటితే ఫోన్. రెండో నెల కూడా రాకపోతే లాయరు నోటీసు. నేను ఐదో నెలలో పంపాల్సింది పదో నెలలో పంపాను. ఎంత ఒళ్లు మండినా నీళ్లు, కరెంటు కట్ చేయడం, తాళం మార్చేయడం చేయకండి. న్యాయం మీ వైపున్నా ఆ ఒక్క పనితో కేసు మీ మీద పడుతుంది.

రిపేరు చెప్పినప్పుడు వెంటనే చేయించండి. మోటారు, సీపేజీ వంటివి మనవి, బల్బులు, కుళాయి వాషర్లు వాళ్లవి. మంచిగా ఉన్నవాళ్లకు అద్దె పెంచేటప్పుడు మార్కెట్ మొత్తం పిండకండి. వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగితే ఏడాదికి పన్నెండు వేలు, వాళ్లు వెళ్లిపోతే ఒక ఖాళీ నెల, బ్రోకరు, రంగులు కలిపి నలభై వేలు.

ఖాళీ చేసే రోజు ఆ పాత వీడియో తెరిచి, మళ్లీ అలాగే గది గదీ తిరగండి. కోయాల్సింది ఉంటే కాగితం మీద ఒక్కో వస్తువుకీ విడివిడిగా రాసి చూపించి, మిగతా అడ్వాన్సు అక్కడే నిలబడి పంపేయండి. టిఫిన్ సెంటర్ వాళ్లను నాకు చూపించింది, అలా డబ్బు తీసుకుని వెళ్లిపోయిన పాత అద్దెదారులే.